మాథ్యూ లైయన్: ఉమ్మిన సంగతి తప్ప ఈయన గురించి ఇంకేం దొరకదా?

కృష్ణాకెనాల్
మా అమ్మాయి ఎనిమిదో క్లాసు. న్యూజెర్సీలో ఉంటాం. అమెరికా తొలినాళ్ళలో పత్రిక నడిపి, చట్టసభలో కూడా కూర్చున్న మనిషిని ఒకర్ని ఎంచుకుని పోస్టర్ చెయ్యమన్నారు స్కూల్లో. క్లాసులో సగంమంది ఫ్రాంక్లిన్ మీద పడ్డారట. మాది మాత్రం వెర్మాంట్‌కి చెందిన మాథ్యూ లైయన్ అనే పెద్దమనిషిని పట్టుకొచ్చింది.

ఎక్కడ వెతికినా ఒకటే బొమ్మ. సభలో ఒకడు చేతికర్ర ఎత్తితే ఇంకొకడు పొయ్యి దగ్గరి పట్టకారు ఎత్తి కొట్టుకుంటుంటారు. దాని కింద, ఎదుటి సభ్యుడి మొహాన ఉమ్మిన మనిషి అని ఒక లైను. అంతే. "నాన్నా, ఈయన పేపర్లో ఏం రాసేవాడు? ఎందుకు జైల్లో వేశారు?" అని అడుగుతోంది. నాకు ఒక్క ముక్క తెలీదు. ఉమ్మినవాడి పోస్టర్ పట్టుకుని స్కూలుకి పంపాలంటే టెన్షన్‌గా ఉంది. సోమవారం ఇచ్చెయ్యాలి. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గుంటూరుఘాటు
ఉమ్మితే చరిత్రకెక్కుతారా? అయితే మా బస్టాండు గోడ నిండా చరిత్ర పురుషులే.

పాతకాగితం
ఘాటు గారూ, కాస్త ఆగండి. ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు, కొంచెం పొడుగవుతుంది.

1749లో ఐర్లండ్‌లోని విక్లో ప్రాంతంలో పుట్టాడు. డబ్లిన్‌లో అచ్చుపని నేర్చుకోవడం మొదలుపెట్టి, పదిహేనేళ్ళ వయసులో అమెరికా ఓడెక్కాడు. చేతిలో ఓడ చార్జీ లేదు. ఆ రోజుల్లో అలాంటివాళ్ళని ఓడ కెప్టెన్ అవతలి ఒడ్డున వేలం వేసేవాడు. చార్జీ ఎవరు కడితే వాళ్ళ దగ్గర ఇన్నేళ్ళని పనిచెయ్యాలి. మన పాతకాలం పాలేరుతనం లాంటిదే, కాకపోతే కాగితం మీద గడువు రాసి ఉంటుంది. కనెటికట్‌లో జేబెజ్ బేకన్ అనే వ్యాపారి కొన్నాడు. ఆయన దగ్గర్నుంచి ఇంకో ఆసామి తీసుకున్నాడు. డబ్బిచ్చి కాదు, ఒక కోడెల జత ఇచ్చి!

దీన్ని లైయన్ ఎప్పుడూ దాచుకోలేదు. పెద్దవాడయ్యాక ఒట్టు వెయ్యాల్సొస్తే "నన్ను విడిపించిన కోడెల మీద ఒట్టు" అనేవాడు. కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, దొరబాబులు పుట్టుక ఎత్తిచూపి వెక్కిరిస్తే ఇదే ఒట్టు వాళ్ళ మొహాన కొట్టేవాడు.

తర్వాత వెర్మాంట్ కొండల్లోకి పోయి ఈథన్ ఆలెన్ దళంలో, అంటే గ్రీన్ మౌంటెన్ బాయ్స్‌లో చేరాడు. 1783లో ఫెయిర్ హేవెన్ అనే ఊరు కట్టాడు. ఊరంటే నాలుగు ఇళ్ళు కాదు. పిండిమర, రంపపు మిల్లు, ఇనుప కార్ఖానా, కాగితం మిల్లు, చివరికి అచ్చు యంత్రం. 1779 మొదలు 1796 దాకా చాలాసార్లు వెర్మాంట్ శాసనసభలో ఉన్నాడు. పత్రిక పెట్టింది 1793లో, రట్లండ్‌లో. పేరు ఫార్మర్స్ లైబ్రరీ. రైతుల గ్రంథాలయం అనుకోండి.

బెజవాడబుల్లోడు
కోడెల మీద ఒట్టు 😂 మా తాత వింటే ఈయనకి ఓటేసేవాడు.

లాపాయింటు
చిన్న సవరణ. వెర్మాంట్ 1791లో గానీ అమెరికాలో చేరలేదు. అప్పటిదాకా దానిదే ఒక సొంత రిపబ్లిక్. కాబట్టి 1779లో ఆయన కూర్చున్నది రాష్ట్ర శాసనసభ అనడం సాంకేతికంగా తప్పు. అమ్మాయి పోస్టర్ మీద 'వెర్మాంట్ శాసనసభ' అని రాస్తే ఏ గొడవా ఉండదు.

గుంటూరుఘాటు
వచ్చారండీ లాయరు గారు. పోస్టర్‌కి కూడా స్టే తెచ్చేలా ఉన్నారు.

అచ్చుగుమాస్తా
కాగితం మిల్లు అనగానే ప్రాణం లేచొచ్చింది. ఈయన కాగితం కొరతకి బాస్‌వుడ్ అనే చెట్టు బెరడు వాడాడు. ఆ రోజుల్లో కాగితం చేసేది పాత గుడ్డపేలికలతో. కొండ ఊళ్ళో అన్ని గుడ్డలు ఎక్కడ దొరుకుతాయి? అందుకని చెట్టు బెరడు నలగ్గొట్టి చేశాడు.

నేను తెనాలిలో ఇరవై రెండేళ్ళు కంపోజిటర్‌గా చేశాను. ట్రెడిల్ మిషన్, సీసం అక్షరాలు. తెలుగు కేసులో గుణింతాలకి, ఒత్తులకి గడులు వెతుక్కోవడానికే ఆరు నెలలు పట్టింది నాకు. ఇంగ్లీషు వాళ్ళకి ఆ బాధ లేదుగానీ వెర్మాంట్ చలిలో తడిపిన కాగితం గడ్డకడుతుంది, సిరా బిగుసుకుపోతుంది. చెక్క ప్రెస్సు పిడి ఒక్కో కాగితానికీ చేత్తో లాగాలి. వారానికి ఒక పేపరు అంటే ఇప్పటివాళ్ళకి నవ్వులాటగా ఉంటుంది. ఇద్దరు మనుషులు రెక్కలు విరుచుకుంటే తేలేది అది.

ఇంకో మాట. మా ప్రెస్సు ఓనరు ఎలక్షన్లప్పుడు ఒక పార్టీ కరపత్రాలు పగలూ, ఇంకో పార్టీవి రాత్రీ వేయించేవాడు. ప్రూఫులు కలిసిపోయి ఒకసారి ఒకాయన ఫొటో కింద ఇంకొకాయన గుర్తు పడింది. ఆ నెల నా జీతంలో కోత. లైయన్ మాత్రం అచ్చువేసింది తన పార్టీదే, తన మాటే.

కృష్ణాకెనాల్
బెరడు కాగితం సంగతి అదిరింది గుమాస్తా గారూ. అమ్మాయి అప్పుడే పెరట్లోకి వెళ్ళి చెట్ల వంక చూస్తోంది, భయంగా ఉంది. సరే, ఉమ్మిన కథ కూడా చెప్పండి. ఎలాగూ దాన్ని తప్పించుకోలేం.

పాతకాగితం
చెప్తాను. అసలు అక్కడ కూడా విషయం పత్రికే. ఇది ఎవరూ చెప్పరు.

1798 జనవరి 30. అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలో ప్రతినిధుల సభ, అంటే కాంగ్రెస్ దిగువ సభ. ఏదో ఓటింగు లెక్కింపు జరుగుతోంది, అందరూ పిచ్చాపాటీలో ఉన్నారు. లైయన్ స్పీకరు దగ్గర నిలబడి, వినాలనుకున్నవాళ్ళకి వినపడేలా, కనెటికట్ సభ్యుల గురించి మాట్లాడుతున్నాడు. వీళ్ళు తమ ఓటర్లలో పదింట తొమ్మిదిమంది ఇష్టానికి వ్యతిరేకంగా నడుస్తున్నారు, నేను గనక కనెటికట్ వెళ్ళి ఆరు నెలలు ఒక పత్రిక నడిపితే వీళ్ళందర్నీ ఇంటికి పంపిస్తాను అన్నాడు. అదీ ఆయన ధీమా. సైన్యం కాదు, డబ్బు కాదు, ఆరు నెలలు ఒక ప్రెస్సు చాలు!

కనెటికట్ సభ్యుడు రోజర్ గ్రిస్వోల్డ్ దగ్గర్లోనే ఉన్నాడు. "ఆ చెక్క కత్తి పట్టుకుని వస్తావా?" అన్నాడు. మొదటిసారి లైయన్ పట్టించుకోలేదు. గ్రిస్వోల్డ్ దగ్గరికి వచ్చి చెయ్యి మీద చెయ్యి వేసి మళ్ళీ అన్నాడు. అప్పుడు ఉమ్మాడు.

చెక్క కత్తి అంటే ఏమిటంటే, 1776లో స్వాతంత్ర్య యుద్ధంలో ఒక సరిహద్దు కాపలాలో లైయన్ లెఫ్టినెంటు. సైనికులు కాపలా వదిలేసి వెనక్కి వచ్చేశారు. అధికారులందర్నీ కోర్టు మార్షల్ చేసి తీసేశారు. పిరికివాడికి గుర్తుగా చెక్క కత్తి ఇచ్చారని శత్రువులు కథ కట్టారు. నేను ఉండిపోదామన్నాను, సైనికులే తిరగబడ్డారు అని లైయన్ జీవితాంతం మొత్తుకున్నాడు. ఆ తర్వాత మళ్ళీ సైన్యంలోకి తీసుకున్నారు కూడా. అయినా ఆ మచ్చ పోలేదు.

బెజవాడబుల్లోడు
మరి పట్టకారు?

పాతకాగితం
అది రెండో అంకం. ఉమ్మినందుకు సభ నుంచి బహిష్కరించాలని తీర్మానం పెట్టారు. 52 మంది అవునన్నారు, 44 మంది కాదన్నారు. మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి వీగిపోయింది. గ్రిస్వోల్డ్‌కి కడుపు మండింది. ఫిబ్రవరి 15న లైయన్ తన బల్ల దగ్గర కూర్చుని ఉండగా వెళ్ళి కర్రతో బాదడం మొదలెట్టాడు. లైయన్ ఎలాగో లేచి చలిమంట పొయ్యి దగ్గరికి చేరి పట్టకారు అందుకున్నాడు. ఇద్దరూ కిందపడి దొర్లుతుంటే తోటి సభ్యులు కాళ్ళు పట్టి లాగి విడదీశారు. ఎవరినీ బహిష్కరించలేదు. గ్రిస్వోల్డ్ ఆనక కనెటికట్‌కి గవర్నరు అయ్యాడు, కర్ర మచ్చ ఆయనకి అంటలేదు చూడండి.

గుంటూరుఘాటు
మైకులు విరగ్గొట్టడం, కాగితాలు చింపి విసరడం మన కనిపెట్టుడు అనుకున్నా. పరువు పోయింది.

ఎదురుగాలి
అందరూ ఆయన్ని ఎత్తుకుని ఊరేగిస్తున్నారు గానీ ఇంకో వైపు కూడా చూడండి. లైయన్ పాత్రికేయుడు కాదు, ప్రెస్సు ఉన్న రాజకీయ నాయకుడు. తేడా ఉంది. కాంగ్రెస్‌కి పోటీచేసి చేసి ఓడాడు. ఓడుతున్న కాలంలోనే పేపరు పెట్టాడు. సంపాదకుడూ తనే, అభ్యర్థీ తనే, వార్తా తనే. గెలిచింది ఆ తర్వాతే.

అంతకుముందు సంగతి ఇంకోటి. యుద్ధంలో బ్రిటన్ పక్షం ఉన్నవాళ్ళ భూములు వెర్మాంట్ జప్తు చేసింది. ఆ జప్తు కోర్టుకి గుమాస్తా ఎవరు? లైయన్. ఆ రికార్డులు ఇమ్మని శాసనసభ అడిగితే ఇవ్వనన్నాడు. అభిశంసన దాకా పోయింది. పెళ్ళి ఎవరింట చేసుకున్నాడు? రెండో భార్య సాక్షాత్తూ గవర్నరు థామస్ చిటెండెన్ కూతురు. మామ గవర్నరు, చేతిలో జప్తు ఫైళ్ళు, ఊరంతా సొంత మిల్లులు. ఇలాంటివాణ్ణి మన జిల్లాలో చూస్తే ఏమంటాం?

అచ్చుగుమాస్తా
అన్నీ నిజమే కావచ్చు ఎదురుగాలి గారూ. కానీ 1793లో నిష్పాక్షిక పత్రిక అనేది ఎక్కడుంది చూపించండి. అవతలి పక్షానికీ పేపర్లు ఉన్నాయి. పైగా వాళ్ళ చేతిలో ప్రభుత్వ అచ్చుపని కాంట్రాక్టులు ఉన్నాయి.

ఎదురుగాలి
అందరూ దొంగలే కాబట్టి ఈయన దొర అంటారా?

అచ్చుగుమాస్తా
దొర అనలేదు. కోడెలకి మారిన మనిషి దొర ఎలా అవుతాడు 🙂

లాపాయింటు
ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, జైలు సంగతి. ఫ్రాన్స్‌తో యుద్ధం వస్తుందన్న వేడిలో, అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌ది, అప్పుడు అధికారంలో ఉన్నది అయిన ఫెడరలిస్టు పార్టీ 1798 జూలై 14న రాజద్రోహ చట్టం తెచ్చింది. ప్రభుత్వం మీద, అధ్యక్షుడి మీద, కాంగ్రెస్ మీద దురుద్దేశంతో అబద్ధపు రాతలు రాస్తే రెండేళ్ళ దాకా జైలు, రెండు వేల డాలర్ల దాకా జరిమానా. మొట్టమొదట విచారించి శిక్ష వేసింది లైయన్‌కే.

ఈ చట్టంలో ఒక తమాషా ఉంది. అధ్యక్షుణ్ణి తిడితే నేరం, కాంగ్రెస్‌ని తిడితే నేరం. ఉపాధ్యక్షుణ్ణి ఎంత తిట్టినా నేరం కాదు, ఆ మాటే చట్టంలో లేదు. అప్పుడు ఉపాధ్యక్షుడు ఎవరు? ప్రతిపక్షం వాడైన జెఫర్సన్. గడువు కూడా 1801 మార్చి 3 అని పెట్టారు, ఆడమ్స్ పదవీకాలం ముగిసే రోజు. తర్వాత వచ్చేవాడు తమ మీద వాడకుండా.

బెజవాడబుల్లోడు
ఎంత ముందుచూపు! మనవాళ్ళు గడువు తేదీ పెట్టడం మాత్రం నేర్చుకోలేదు.

కృష్ణాకెనాల్
ఇంతకీ ఆయన రాసిందేమిటి? అమ్మాయి పక్కనే కూర్చుని అడుగుతోంది.

లాపాయింటు
మూడు అభియోగాలు. ముఖ్యమైనది ఆయన రాసిన ఒక ఉత్తరం. ఆడమ్స్ ప్రభుత్వంలో ప్రజాక్షేమమంతా అధికార దాహంలో కొట్టుకుపోతోందనీ, నవ్వులపాలైన ఆడంబరం, వెర్రి పొగడ్తలు, స్వార్థపు పేరాశ వీటికి అంతులేదనీ రాశాడు. అలాంటప్పుడు నేను వాళ్ళకి వంతపాడను అన్నది దాని సారం. ఉత్తరం మీద తేదీ జూన్ 20. చట్టం వచ్చింది జూలై 14. అచ్చయింది జూలై 31. రాసిననాటికి లేని నేరం, అచ్చయిననాటికి నేరం.

మిగతా రెండూ జోయెల్ బార్లో అనే కవి ఫ్రాన్స్ నుంచి రాసిన ఉత్తరానికి సంబంధించినవి. అధ్యక్షుడి ప్రసంగానికి సభలు చెప్పాల్సిన జవాబు ఆయన్ని పిచ్చాసుపత్రికి పంపమన్న ఉత్తర్వే అని అందులో ఉంది. లైయన్ దాన్ని ఎన్నికల సభల్లో చదివి వినిపించేవాడు, తర్వాత అచ్చు కూడా అయింది.

గుంటూరుఘాటు
అంటే ఎర్రగడ్డకి పంపమన్నాడు. మా వైజాగ్ బావ అయితే పెదవాల్తేరు అంటాడు. ఇది రోజూ టీ కొట్టు దగ్గర వినేదేగా, దీనికి జైలా?

నంద్యాలనాపరాయి
జైలే. మన దగ్గర అంతకంటే తక్కువకి వేశారు. మా జిల్లా మనిషి గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలో రాసినదానికి రాజద్రోహం కేసులో జైలుకెళ్ళారు. తర్వాత 1927లో నంద్యాల నుంచి మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యారు. సంపాదకుడు, ఖైదీ, శాసనసభ్యుడు. వరస మారింది గానీ మూడూ ఉన్నాయి.

లాపాయింటు
మంచి గుర్తు చేశారు. కాకపోతే గాడిచర్ల వారి మీద కేసు పెట్టింది పరాయి ప్రభుత్వం, 1870లో శిక్షాస్మృతిలో చేర్చిన 124ఎ కింద. లైయన్ మీద పెట్టింది, తామే పోరాడి తెచ్చుకున్న సొంత ప్రభుత్వం, అదీ రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ రాసుకున్న ఏడేళ్ళకే. నాకు అదే ఎక్కువ బాధగా అనిపిస్తుంది.

ఎదురుగాలి
లాయరు గారూ, ఒక విషయం దాటేస్తున్నారు. పాత ఇంగ్లీషు చట్టంలో రాసింది నిజమైనా శిక్ష తప్పేది కాదు. ఈ 1798 చట్టంలో మాత్రం రాసింది నిజమని రుజువు చేస్తే వదిలేస్తారు. దురుద్దేశం ఉందో లేదో జ్యూరీ తేలుస్తుంది. అంటే చట్టం పాతదానికంటే మెరుగే. లైయన్ రుజువు చేసుకోలేకపోయాడు, అంతే.

లాపాయింటు
కాగితం మీద మెరుగే, ఒప్పుకుంటా. కానీ ఫలానావాడికి పొగడ్తల పిచ్చి అన్నాననుకోండి. అది అభిప్రాయం. కోర్టులో దాన్ని నిజమని ఎలా నిరూపిస్తారు? సాక్షిగా ఎవర్ని పిలుస్తారు?

పాతకాగితం
జడ్జినే పిలిచాడు మహానుభావుడు! రట్లండ్‌లో 1798 అక్టోబరులో విచారణ. పీఠం మీద సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం పాటర్సన్, రాజ్యాంగం మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకడు. లైయన్ తన కేసు తనే వాదించుకుంటున్నాడు. నేరుగా జడ్జినే అడిగాడు, మీరు అధ్యక్షుడితో భోజనం చేశారు కదా, అక్కడ ఆడంబరం, డాబు చూడలేదా అని. చాలా అరుదుగా చేశాను, అక్కడ కనిపించింది నిరాడంబరతే అన్నాడు పాటర్సన్. లైయన్ ఊరుకోలేదు. పోనీ ఇక్కడ రట్లండ్‌లో మీరు భోంచేసిన చోట కంటే అక్కడ హంగు, నౌకర్లు ఎక్కువ లేరా అన్నాడు. దానికి జవాబు రాలేదు.

జ్యూరీకి గంటసేపు పట్టింది. నాలుగు నెలల జైలు, వెయ్యి డాలర్ల జరిమానా, పైన కోర్టు ఖర్చులు.

బెజవాడబుల్లోడు
జడ్జి గారిని బోనెక్కించాడు. ఆయన తిన్న భోజనానికే క్రాస్ ఎగ్జామినేషన్ 😂😂

ఎదురుగాలి
ఇది మాత్రం బాగుంది. ఒప్పుకుంటున్నా.

అచ్చుగుమాస్తా
జైలు గురించి ఆయనే ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. రట్లండ్ జైల్లో పెట్టకుండా నలభై మైళ్ళ పైన ఉన్న వర్జెన్స్‌కి తీసుకెళ్ళారు. పదహారడుగులు, పన్నెండడుగుల గది. గుర్రాల దొంగల్ని, దొంగనోట్లవాళ్ళని పెట్టే చోటు. మూలన పాయిఖానా, దాని కంపు. కిటికీకి ఊచలేగాని అద్దం లేదు. వెర్మాంట్ చలికాలంలో! పొయ్యి తన డబ్బుతో తనే పెట్టించుకోవాల్సి వచ్చింది.

లోపల ఉండి కూడా రాత మానలేదు. అరెస్టుకి కొద్ది రోజుల ముందే, అక్టోబరు 1న, కొడుకు జేమ్స్ పేరు మీద కొత్త పత్రిక మొదలైంది. దాని పేరు స్కర్జ్ ఆఫ్ అరిస్టోక్రసీ, అంటే దొరతనం మీద కొరడా. తండ్రి జైలు నుంచి ఉత్తరాలు పంపేవాడు, బయట అచ్చయ్యేవి. కంపోజిటర్‌గా చెప్తున్నా, జైలు నుంచి వచ్చే చేతిరాతని చదివి టైపు పేర్చినవాడికి కూడా పోస్టర్లో చోటివ్వాలి.

నంద్యాలనాపరాయి
ఎన్నిక ఎప్పుడు?

పాతకాగితం
ఆ డిసెంబరులోనే. సెప్టెంబరులో మొదటి విడతలో ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాలేదు, మళ్ళీ పోలింగు పెట్టారు. అభ్యర్థి జైల్లో. భారీ మెజారిటీతో గెలిచాడు. ఈ దేశంలో జైలు గదిలోంచి కాంగ్రెస్‌కి ఎన్నికైన మొదటి మనిషి.

అంతకు ముందు వెర్మాంట్ జనం వేల సంతకాలతో క్షమాభిక్ష పిటిషను పెట్టారు. లైయన్ సంతకం ఉందా అని ఆడమ్స్ అడిగాడు. లేదు. అయితే పశ్చాత్తాపం ముందు, క్షమ తర్వాత అని తిప్పి పంపాడు.

గుంటూరుఘాటు
మన దగ్గర జైల్లోంచి గెలవడం మామూలే. దీనికి పోస్టర్లెందుకు?

కృష్ణాకెనాల్
ఘాటు గారూ, మా అమ్మాయి మీ పోస్టులు చదివి నవ్వుతోంది. దాని ముందు నా పరువు తియ్యకండి.

పాతకాగితం
విడుదల రోజు ఇంకా బావుంటుంది. 1799 ఫిబ్రవరి 9. జరిమానా కట్టాలి. వర్జీనియా సెనేటరు స్టీవెన్స్ మేసన్ వెయ్యి డాలర్ల పైన బంగారు నాణేలు గుర్రం జీను సంచుల్లో వేసుకుని వచ్చాడు. కట్టేశారు. బయటికి రాగానే ఇంకో అభియోగం మీద మళ్ళీ పట్టుకుంటారేమోనని భయం. లైయన్ గుమ్మం దాటుతూనే, నేను ఫిలడెల్ఫియా వెళ్తున్నాను అని గట్టిగా అరిచాడు. సభకి వెళ్తున్న సభ్యుణ్ణి దారిలో అరెస్టు చెయ్యకూడదని రాజ్యాంగంలో ఉంది మరి. జనం బళ్ళ మీద, మంచుబళ్ళ మీద వెంట నడిచారు. అక్కడికి వెళ్ళాక మళ్ళీ బహిష్కరణ తీర్మానం. ఈసారి 49కి 45. మళ్ళీ మూడింట రెండు వంతులు రాలేదు.

పాపం ఇరుక్కుంది ఆంథనీ హాస్వెల్. బెన్నింగ్టన్‌లో వెర్మాంట్ గెజెట్ సంపాదకుడు. లైయన్ జరిమానా కోసం లాటరీ పెడితే ఆ ప్రకటన తన పేపర్లో వేశాడు. 1800లో ఆయనకి రెండు నెలల జైలు, 200 డాలర్ల జరిమానా.

అచ్చుగుమాస్తా
అదిగో. ప్రకటన వేసినందుకు! హాస్వెల్‌కి జీను సంచుల్లో బంగారం ఎవరూ తేలేదు. నాకు లైయన్ కంటే ఈయన మీదే జాలి ఎక్కువ.

బెజవాడబుల్లోడు
ఈయన ఓటుతోనే జెఫర్సన్ అధ్యక్షుడయ్యాడని ఎక్కడో చదివాను. నిజమేనా? నిజమైతే భలే పగ తీర్చుకున్నట్టు.

పాతకాగితం
నిజమే! 1801 ఫిబ్రవరి 17న...

లాపాయింటు
సగం నిజం. జెఫర్సన్‌కీ, ఆయన పార్టీవాడే అయిన ఆరన్ బర్‌కీ ఓట్లు సమానమై విషయం ప్రతినిధుల సభకి వచ్చింది. అక్కడ రాష్ట్రానికి ఒక ఓటు, తొమ్మిది రాష్ట్రాలు కావాలి. జెఫర్సన్‌కి ఎనిమిదే. వెర్మాంట్‌కి ఇద్దరు సభ్యులు, లైయన్ ఒక వైపు, ఫెడరలిస్టు లూయిస్ మోరిస్ ఇంకో వైపు. ముప్పై అయిదు సార్లు ఓటింగు పెట్టినా అదే ప్రతిష్టంభన. ముప్పై ఆరోసారి మోరిస్ బయటికి వెళ్ళిపోయాడు. లైయన్ ఒక్కడే వెర్మాంట్ ఓటు వేశాడు. కానీ అదే విడతలో మేరీలాండ్ కూడా జెఫర్సన్‌కి వచ్చింది. మొత్తం పది. అంటే లైయన్ లేకపోయినా తొమ్మిది ఉన్నట్టే. అసలు ఘనత లేచి వెళ్ళిన మోరిస్‌దీ, తెర వెనక రాజీ నడిపిన డెలావేర్ సభ్యుడు బేయర్డ్‌దీ.

పాతకాగితం
లెక్క మీరన్నట్టే. కాకపోతే ఆడమ్స్ జైల్లో వేయించిన మనిషే ఆడమ్స్ పార్టీకి తలుపు మూసే ఓటు వెయ్యడం... దాన్ని కథగా చెప్పుకోకుండా ఎవడుంటాడు చెప్పండి.

లాపాయింటు
కథగా చెప్పుకోండి. పోస్టర్ మీద మాత్రం 'ఆయన ఓటు కూడా ఉంది' అని రాయించండి.

నంద్యాలనాపరాయి
తర్వాత ఏమయ్యాడు? ఇలాంటివాళ్ళు చివర్లో మంత్రులవుతారు మామూలుగా.

పాతకాగితం
మంత్రి కాలేదు. 1801లో మూటాముల్లె సర్దుకుని కెంటకీలో ఎడ్డీవిల్ చేరాడు. 1802లో అక్కడి శాసనసభకి, 1803 నుంచి 1811 దాకా మళ్ళీ కాంగ్రెస్‌కి. రెండు రాష్ట్రాల శాసనసభలు, రెండు రాష్ట్రాల నుంచి కాంగ్రెస్. తర్వాత ప్రభుత్వానికి పడవలు కట్టే వ్యాపారంలో చితికిపోయాడు. 1820లో అధ్యక్షుడు మన్రో ఆర్కన్సాలో చెరోకీల దగ్గర సర్కారు వర్తక కేంద్రం చూసుకునే ఉద్యోగం ఇచ్చాడు. డెబ్భై దాటిన వయసు. కుదురుగా ఉన్నాడా? అక్కడ కూడా కాంగ్రెస్‌కి పోటీచేసి కొద్ది ఓట్లతో ఓడి, లెక్క మళ్ళీ పెట్టమని గొడవ చేశాడు. 1822 ఆగస్టు 1న స్పాడ్రా బ్లఫ్‌లో పోయాడు. ఎముకలు తర్వాత ఎడ్డీవిల్‌కి తెచ్చారు.

ఎదురుగాలి
ఎడ్డీవిల్‌లో ఇప్పుడు ఉన్నది కెంటకీ రాష్ట్ర పెద్ద జైలు. తెలుసా? ఆ జిల్లా పేరు లైయన్ కౌంటీ. కానీ అది ఈయన పేరు కాదు, కొడుకు చిటెండెన్ లైయన్‌ది. తాత గవర్నరు పేరు, నాన్న ఇంటిపేరు, జిల్లా కొడుక్కి. వారసత్వం అంటే ఇదీ. నా మొదటి పోస్టు మీద నేను నిలబడే ఉన్నాను.

గుంటూరుఘాటు
జైలుకెళ్ళినాయన ఊళ్ళో జైలు కట్టారా? వాస్తు.

కృష్ణాకెనాల్
అందరికీ బోలెడు థ్యాంక్స్. పోస్టర్ అయిపోయింది. మధ్యలో కోడెల జత బొమ్మ వేసింది. పట్టకారు బొమ్మ మూలకి పోయింది. పాటర్సన్ భోజనం ప్రశ్నలు పెద్ద అక్షరాలతో రాసింది. హాస్వెల్‌కీ చిన్న గడి ఇచ్చింది, గుమాస్తా గారి కోసం. ఎదురుగాలి గారి జప్తు రికార్డులు కూడా పెట్టమన్నాను. మొదట మొహం ముడుచుకుంది, తర్వాత పెట్టింది.

ఒక్క డౌటు మిగిలింది దానికి. జరిమానా డబ్బు ఎప్పుడైనా తిరిగొచ్చిందా?

లాపాయింటు
వచ్చింది, ఆయన పోయాక. బతికుండగా అడిగి అడిగి అలిసిపోయాడు. 1840 జూలై 4న కాంగ్రెస్ చట్టం చేసి వారసులకి ఇచ్చింది. జరిమానా, కోర్టు ఖర్చులు కలిపి 1,060 డాలర్ల 96 సెంట్లు. దాని మీద 1799 ఫిబ్రవరి నుంచి వడ్డీ కూడా.

రిటైర్డ్‌క్యాషియర్
నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. వడ్డీ మాట వచ్చింది కాబట్టి ఆగలేకపోయా. నలభై ఒక్క ఏళ్ళ అయిదు నెలలు. అర్ధరూపాయి వడ్డీ వేసుకున్నా, బారువడ్డీయే, 2,636 డాలర్ల చిల్లర. అసలుతో కలిపి 3,700కి కాస్త తక్కువ. చక్రవడ్డీ అయితే పన్నెండు వేల దాకా పోతుంది, అది ఏ సర్కారూ ఇవ్వదు.

గుంటూరుఘాటు
క్యాషియర్ గారూ, కోడెల జతకి కూడా వడ్డీ కట్టండి. పన్నెండు పౌండ్ల ఖరీదట, 1760ల నుంచి.

రిటైర్డ్‌క్యాషియర్
కోడెలకి వడ్డీ ఉండదు బాబూ, తరుగు ఉంటుంది.